టెక్ సందేహాలు: ట్రేస్ చేస్తే మనుషులు కొయ్యబొమ్మల్లా వస్తున్నారు

ప్రశ్న: 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంది, ఈమధ్యే స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ కొన్నా. ఫేమస్ పెయింటింగ్‌ని కింద లేయర్‌లో పెట్టి ట్రేస్ చేస్తుంటే గీత కరెక్టుగానే వస్తోంది కానీ మనుషుల్లో జీవం ఉండట్లేదు. వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా? (ఓ పాఠకురాలు, కాకినాడ)

జవాబు: ఏమీ కొనొద్దండీ. బొమ్మలు వేసే క్రిటా సాఫ్ట్‌వేర్ ఫ్రీ, మీ ల్యాప్‌టాప్‌కి సరిపోతుంది. చిక్కంతా ట్రేసింగ్‌తోనే, అంచు వెంట పెన్ను పోతుంటే ఒంటి బరువు ఎటు పడుతోందో కన్ను పట్టించుకోదు.

చిత్రకారుడు వాన్‌గో 1889-90లో ఫ్రాన్స్‌లోని సాన్ రెమీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఫ్రెంచ్ చిత్రకారుడు మిల్లే బొమ్మలు 21 మళ్లీ వేశాడు, రంగులు తనవే. వాటిల్లో 'తొలి అడుగులు' కోసం మిల్లే బొమ్మ ఫొటో మీద గళ్లు గీసుకుని కాన్వాస్ మీదకి ఎక్కించాడు. మీరూ వాన్‌గో వేసిన ఆ బొమ్మనే తీసుకోండి, న్యూయార్క్ మెట్ మ్యూజియం సైట్‌లో ఫ్రీగా డౌన్‌లోడ్ అవుతుంది, కాపీరైట్ గొడవ కూడా లేదు.

ఆ ఫైల్ వెడల్పు 3000 పిక్సెల్స్‌కి మార్చి, కంట్రోల్ షిఫ్ట్ యూ కొట్టి రంగు తీసేయండి, అదే సైజులో ఖాళీ కాన్వాస్ ఇంకోటి తెరవండి, రెండిటికీ గ్రిడ్ (గళ్లు) 300 పిక్సెల్స్ పెట్టి పక్కపక్కన ఉంచుకోండి. కింద పెట్టొద్దు, పక్కనే.

ఇప్పుడు మనుషుల్ని చూడండి. నాన్న పార నేల మీద పడేసి, మోకాలి మీద కూర్చుని రెండు చేతులూ చాపాడు, అమ్మ వంగి పాపని పట్టుకుంది, పాప ఒళ్లంతా ముందుకే తూలుతోంది. ముఖాల్లో కన్నూముక్కూ దాదాపు లేవు, అయినా ఆ ఆత్రం మనకి తెలిసిపోతోంది కదా, అదంతా నడుము వంపులోనూ చేతుల్లోనూ ఉంది, నాకు ఈ బొమ్మలో ప్రాణం అదే. అందుకే ముందు లావు బ్రష్‌తో ఒక్కొక్కరికీ వెన్ను గీత ఒక్కటే లాగండి, స్టెబిలైజర్ (చేతి వణుకుని సరిచేసే సెట్టింగ్) ఆఫ్ చేసి. నచ్చకపోతే చెరిపి పదిసార్లు లాగండి, చేతులూ బట్టలూ ఆ తర్వాతే. మధ్యమధ్యలో ఎమ్ కీ నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది, ఎవరు పడిపోతున్నట్టున్నారో వెంటనే దొరికిపోతుంది.

రంగులు మాత్రం ఒరిజినల్ నుంచి ఐడ్రాపర్‌తో (బొమ్మలోంచి రంగు తీసుకునే టూల్) తీయకండి, మీరే ఎంచుకోండి.

పెన్ను గట్టిగా నొక్కినా గీత లావు మారకపోతే క్రిటా ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌లో విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ అని పెన్ను నొక్కుడుని గుర్తించే రెండు పద్ధతులుంటాయి, ఒకటి ఉంటే రెండోదానికి మార్చి, క్రిటా ఒకసారి మూసి తెరవండి.