ఆండ్రాయిడ్ నేర్చుకుంటానంటోంది, అరవై వేలు కట్టమంటారా?

ప్రశ్న: మాది నరసరావుపేట, ఎరువుల కొట్టు ఉంది. మా అమ్మాయి గుంటూరులో బి.ఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడు చదువుతోంది. ఎంసెట్‌లో మంచి ర్యాంకు రాక ఇంజినీరింగ్‌లో చేర్చలేదు. ఇప్పుడు ఆండ్రాయిడ్ యాప్‌లు నేర్చుకుంటానంటోంది. కొట్టు అరువు లెక్కల యాప్ అని ఏదో చేసి చూపించింది. ఫోను అడ్డంగా తిప్పితే అంకెలన్నీ పోయాయి, నాకు నవ్వొచ్చింది. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు నాలుగు నెలల కోర్సుకు 60 వేలు అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. యాప్‌లు రాయడానికి కాట్లిన్ మంచిదా, ఫ్లటర్ మంచిదా? మా బామ్మర్ది కొడుకేమో యాప్‌లు ఏఐయే రాసేస్తోంది, ఇదంతా దండగ అంటున్నాడు. ఇంట్లో ల్యాప్‌టాప్ పాతది, ర్యామ్ 4 జీబీ. డిగ్రీ అయ్యేలోగా ఏదో ఒకటి తేలకపోతే సంబంధాలు చూస్తామని అమ్మాయికి చెప్పేశాను. ఏం చేయమంటారు?

జవాబు: ఊరి పేరు, కొట్టు పేరు మారుతుంది కానీ ఈ ఉత్తరం నాకు వస్తూనే ఉంటుంది. కోర్సు, ఫీజు, ల్యాప్‌టాప్ అన్నీ అడుగుతారు. వాటి కింద ఉన్న దిగులొక్కటే: ఇంజినీరింగ్ సీటు రాలేదు కదా, మా పిల్ల వెనకబడిపోయినట్టేనా అని. ముందు దానికే చెబుతాను. వెనకబడలేదు. ఆ సంగతి నాకు మీరు రాసిన ఉత్తరంలోనే కనపడింది, మీరు నవ్విన చోట.

ఫోను అడ్డంగా తిప్పగానే ఆండ్రాయిడ్ అప్పటిదాకా ఉన్న తెరను తీసిపారేసి, కొత్త కొలతలకు మళ్లీ కడుతుంది. ఆ తెరలో పట్టుకుని ఉన్న అంకెలు దాంతోపాటే పోతాయి. ఆండ్రాయిడ్ మొదలుపెట్టిన ప్రతివాళ్లూ మొదట తగిలించుకునే దెబ్బ ఇదే. మీ అమ్మాయి కోడ్‌లో బహుశా ‘రిమెంబర్’ (గుర్తుంచుకో) అని రాసి ఊరుకుని ఉంటుంది, అక్కడ ‘రిమెంబర్ సేవబుల్’ అని రాయాలి. తిప్పితే పోవడం దాంతో ఆగుతుంది. కానీ యాప్ మూసేసి మర్నాడు పొద్దున తెరిస్తే? అప్పటికీ లెక్క ఉండాలంటే ఫోన్లోనే డేటాబేస్‌లో రాసుకోవాలి, దానికి ‘రూమ్’ అనే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ మూట, ఉంది. మీ కొట్లో ఒక లెక్క నోటితో అనుకుంటారు, ఒకటి చీటీ మీద గీస్తారు, ఒకటి చిట్టాలో ఎక్కిస్తారు. ఫోన్లోనూ ఆ మూడు రకాలూ ఉన్నాయి. ఏ లెక్కను ఎక్కడ ఉంచాలో తెలియడమే ఈ పనిలో సగం చదువు. ఎవరూ చెప్పకుండా ఆ పిల్ల సరిగ్గా ఆ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. అప్పుడు మీరు నవ్వారు. కోప్పడకండి, ఇంతకు మెత్తగా చెప్పడం నాకు చేతకాదు: అది నవ్వాల్సిన చోటు కాదు. ‘ఎందుకు పోయాయమ్మా?’ అని అడగాల్సిన చోటు.

ఇక అరవై వేలు. ఇప్పుడే కట్టకండి. అమీర్‌పేటలో చదివి బాగుపడ్డవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఆ గల్లీల మీద నాకు చిన్నచూపు లేదు. నా అనుమానమంతా ‘గ్యారంటీ’ అన్న మాట మీద. ఉద్యోగం ఇచ్చేది ఇన్‌స్టిట్యూట్ కాదు, ఎవరో కంపెనీవాళ్లు. వాళ్ల తరఫున వీళ్లు మాటివ్వడం ఎలా కుదురుతుంది? ఆ మాట రసీదు మీద రాసివ్వమనండి, ఉద్యోగం రాకపోతే ఎన్ని రోజుల్లో ఎంత వాపసు ఇస్తారో కూడా. రాస్తారో లేదో చూశాక మాట్లాడుకుందాం. ఈలోగా గూగుల్‌వాళ్లే పెట్టిన ‘ఆండ్రాయిడ్ బేసిక్స్ విత్ కంపోజ్’ అనే పాఠాలున్నాయి. ఉచితం. ప్రోగ్రామింగ్ అసలు రానివాళ్ల నుంచి మొదలవుతాయి. ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి మొదటి రెండు వారాలు నత్తనడక నడుస్తుంది, నడవనివ్వండి. యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు చూస్తే మాత్రం తేదీ చూసుకోమనండి. తెరలు కట్టే కొత్త పద్ధతి, జెట్‌ప్యాక్ కంపోజ్, 2021లో స్థిరపడింది. అంతకు ముందు వీడియోల్లో జావా భాష, తెరలు కట్టే పాత పద్ధతి ఎక్స్ఎంఎల్ కనిపిస్తాయి. అవి తప్పు కాదు, పాత కంపెనీల కోడ్‌లో ఇంకా ఉన్నాయి. కానీ ఇవాళ ఒకటి, రేపు ఒకటి కలిపి చూసిన పిల్లలు నెల తిరక్కుండా ‘నాకు రాదు’ అనేసుకుంటున్నారు. రాకపోవడం కాదది, రెండు పాఠాలు ఒకదానికొకటి అడ్డుపడటం.

ల్యాప్‌టాప్ మాట. యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియోకి 4 జీబీ ర్యామ్ చాలదు, తెరుచుకునేసరికే టీ తాగి రావచ్చు. కనీసం 8 కావాలి. కంప్యూటర్లోనే ఉత్తుత్తి ఫోను నడపాలంటే 16 ఉంటే మంచిది. ఆ ఉత్తుత్తి ఫోను అక్కర్లేదు, మీ ఇంట్లో అసలు ఫోన్లున్నాయిగా. సెట్టింగ్స్‌లో ‘బిల్డ్ నంబర్’ అని ఉన్నచోట ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ పెడితే రాసిన యాప్ నేరుగా ఫోన్లోకి వచ్చేస్తుంది. ల్యాప్‌టాప్‌ను ఒక మంచి రిపేరు షాపుకి తీసుకెళ్లి ర్యామ్ పెంచే చోటు ఉందా, పాత హార్డ్ డిస్క్ తీసి అంతకంటే వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయొచ్చా అని అడగండి. కొత్తది కొనే ముందు ఆ ముక్క తేల్చుకోండి.

కాట్లిన్, ఫ్లటర్ సంగతి పెద్దగా సాగదీయను. ఫ్లటర్ అనే పనిముట్టుతో ఒకసారి రాస్తే ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ పనికొస్తుందంటారు, నిజమే. కానీ ఐఫోన్ వైపు తయారుచేయడానికి మ్యాక్ కావాలి. అది లేని ఇంట్లో ఆ రెండో లాభం ఇప్పటికి లేనట్టే. కాట్లిన్‌ను గూగుల్ 2017లో ఆండ్రాయిడ్‌కి అధికార భాషగా తీసుకుంది, 2019 నుంచి దానికే మొదటి పీట వేసింది. నేను కాట్లిన్ అనడానికి వేరే కారణం ఉంది. అది జావా నడిచే చోటే నడుస్తుంది, జావాతో కలిసిపోతుంది. రేపు ఆండ్రాయిడ్‌లో పని దొరక్కపోయినా సర్వర్ వైపు, అంటే యాప్ వెనక నడిచే కంప్యూటర్ల పనివైపు, వెళ్లే తలుపు మూసుకుపోదు. ఒకటి ఒంటబడితే రెండోది కొన్ని వారాల పని. ఏది ఎంచుకుంటే బతుకు ఏమైపోతుందో అన్నంత పెద్ద ప్రశ్న కాదిది, నిద్ర పాడుచేసుకోకండి.

నిద్ర పాడుచేసుకోవాల్సిందంటూ ఉంటే మీ బామ్మర్ది కొడుకు మాట గురించి. అందులో సగం నిజం. ఆండ్రాయిడ్ స్టూడియోలోనే ఇప్పుడు గూగుల్‌వాళ్ల ఏఐ జెమిని ఉంది, అడిగితే తెర మొత్తం రాసిస్తుంది. ఈమధ్య నా దగ్గరికొచ్చే పిల్లలు తలా మూడు యాప్‌లు చూపిస్తున్నారు, చూడముచ్చటగా ఉంటాయి. ఒకబ్బాయి యాప్ చూపిస్తుంటే ఫోన్లో నెట్ ఆపేసి, ‘ఇప్పుడు సేవ్ నొక్కు బాబూ’ అన్నాను. నొక్కాడు. యాప్ టక్కున మూసుకుపోయింది. ఎందుకు మూసుకుపోయిందో లాగ్‌క్యాట్‌లో చూపించమన్నాను. లాగ్‌క్యాట్ ఎక్కడుంటుందో అతనికి తెలియదు. యాప్ ఎక్కడ పడిపోయిందో, ఏ వరసలో పడిపోయిందో అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టే చోటది. పాపం, చెమటలు పట్టాయి. అతని మీద నాకు కోపం రాలేదు, ‘రెండ్రోజుల్లో యాప్’ అని ఊదరగొట్టినవాళ్ల మీద వచ్చింది. తనకు తెలియని దాన్ని తనదిగా చూపించమని ఒక పిల్లాణ్ని పంపడం అన్యాయం. రేపు ఇంటర్వ్యూలో కూర్చున్న మనిషి నాలా జాలిపడడు. మీ అమ్మాయికి ఒక్క నియమం చెప్పండి: ఏఐ రాసిచ్చిన వరసల్లో తను విడమర్చి చెప్పలేని వరస ఒక్కటి కూడా యాప్‌లో ఉండకూడదు. ‘ఇది ఎందుకు పడిపోయింది’ అని ఎన్నిసార్లైనా అడగొచ్చు, ‘రాసిపెట్టు’ అని మాత్రం మొదటి మూడు నెలలు వద్దు.

నా మరో అనుమానం కూడా దాచను. ఒక్క ఆండ్రాయిడ్‌నే నమ్ముకుని ఫ్రెషర్ ఉద్యోగానికి వెళ్లడం గట్టి దారి అని నేననను. కంపెనీకి యాప్ ఒకటే ఉంటుంది. దాని వెనక సర్వర్లు, డేటాబేస్‌లు, టెస్టింగ్ ఉంటాయి, ఎక్కువమందికి పని దొరికేది అక్కడ. అందుకని యాప్ చేస్తూనే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష), గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను దాచిపెట్టే పనిముట్టు), సర్వర్ నుంచి జేసన్ (డేటాను రాసి పంపే పద్ధతి) తెచ్చుకోవడం ఒంటపట్టించుకోవాలి. అరువు యాప్ సరిగ్గా చేస్తే ఈ మూడూ అందులోనే వస్తాయి. డిగ్రీ తర్వాత ఐసెట్ రాసి ఎంసీఏ చేసే దారి ఎలాగూ ఉంది, ఇప్పుడది రెండేళ్లే. అంటే ఇంజినీరింగ్ రాలేదని మీరు మూసుకుపోయాయనుకున్న తలుపుల్లో చాలా భాగం తెరిచే ఉన్నాయి.

ఇప్పుడు మీరు చివర్న రాసిన సంబంధాల మాట. గడువు పెడితే పిల్ల పట్టుదలగా చదువుతుందని మీ ఉద్దేశం కావచ్చు. నేను చూసినంతవరకు జరిగేది వేరు. తల మీద పెళ్లి గడువున్న పిల్లలు తొందరగా సర్టిఫికెట్ వచ్చే దాని వెంట పడతారు, తప్పులు చేయడానికి భయపడతారు. ఈ పనిలో తప్పు చేయడానికి భయపడితే నేర్చుకోవడం అక్కడితో సరి. మీ అబ్బాయైతే ఇదే గడువు పెట్టేవారా? ఆ మాట వెనక్కి తీసుకోండి. నాకు ఉత్తరం రాసి కాదు, ఆమెతోనే చెప్పండి.

ఆ తర్వాత చేయాల్సిన పని చిన్నదే. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే డెవలపర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. అయితే 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఒక షరతు ఉంది: అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది 14 రోజులపాటు ఆపకుండా ఆ యాప్‌ను పరీక్షించేవాళ్లుగా చేరి ఉండాలి. మొదట ఇది 20 మంది, తర్వాత తగ్గించారు. పట్నం పిల్లలు ఈ పన్నెండు మంది కోసం ముక్కూమొహం తెలియనివాళ్లను బతిమాలుతుంటారు. మీ కొట్టుకు రోజూ వచ్చే రైతుల్లో, గుమాస్తాల్లో, చుట్టాల్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు పన్నెండు మంది దొరకరా? నిజంగా అరువు పెట్టేవాళ్లే పరీక్షించిన యాప్ ఇంటర్వ్యూ బల్ల మీద పెడితే, దాని గురించి ఆమె గంటసేపు మాట్లాడగలదు.

దానికింకా నాలుగైదు నెలలు పడుతుంది. ఈ ఆదివారం మాత్రం కొట్టు కట్టేశాక అరువు పుస్తకం పట్టుకుని ఆమె పక్కన కూర్చోండి. ఒక పేజీ మీరు చదవండి, ఆమె ఎక్కించుకుంటుంది. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలని చదివినప్పుడు, దాన్ని 26650 పైసలుగా దాచుకోమని నా మాటగా చెప్పండి. దశాంశాలతో దాచిన డబ్బు లెక్కలు కూడికల్లో ఎక్కడో ఒక పైసా తేడా తెస్తాయి. పేజీ అయ్యాక మొత్తం మీ పుస్తకంతో సరిపోయిందో లేదో చూడండి. సరిపోకపోతే ఏ పద్దు దగ్గర తేడా వచ్చిందో వేలు పెట్టి చూపించండి, ఎందుకొచ్చిందో ఆమె వెతుక్కుంటుంది.