కార్జం పొట్టంతా పెరిగి పెట్టలు పోతుంటే, ఆ మంద గుడ్లు పొదిగించవచ్చా?

ప్రశ్న: నూజివీడు దగ్గర మామిడి తోటలో 140 దాకా నాటుకోళ్లు పెంచుతున్నాను. గుడ్లను చిన్న ఇంక్యుబేటర్‌లో పొదిగించి పిల్లలు అమ్ముతాను. ఈ నాలుగు నెలల్లో 11 పెట్టలు పోయాయి. అన్నీ ఏడు నుంచి తొమ్మిది నెలల వయసువే. మేత తగ్గింది, తురాయి పాలిపోయింది, రొమ్ము ఎముక చేతికి తగిలేంతగా చిక్కిపోయాయి, పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. రెండింటిని కోసి చూస్తే కార్జం పొట్టంతా ఆక్రమించి, దాని మీద తెల్లటి గడ్డలు ఉన్నాయి. కాళ్లు పడిపోవడం లాంటిది ఏ కోడిలోనూ చూడలేదు. మారెక్స్ టీకా వేసిన పిల్లలనే కొన్నాను. మందుల షాపులో లివర్ టానిక్, యాంటీబయాటిక్ ఇచ్చారు, ఫలితం లేదు. ఇది ఏ జబ్బు? మందు ఉందా? గుడ్లు పొదిగించవచ్చా? మాంసం తినవచ్చా? తోటలో మేకలు కూడా ఉన్నాయి, వాటికి అంటుతుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఒక పని చేయండి. ఇంక్యుబేటర్‌లో కొత్త గుడ్లు పెట్టడం ఇవాళే ఆపండి. పిల్లలకు గిరాకీ ఉన్నప్పుడు ఇది కష్టమైన మాటేనని తెలుసు. అయినా చెప్పక తప్పదు, ఎందుకంటే నేను అనుమానిస్తున్న జబ్బు ఎక్కువగా తల్లి నుంచి గుడ్డు ద్వారానే పిల్లకు వెళ్తుంది. టానిక్, యాంటీబయాటిక్ కూడా ఆపేయండి. వాటి మీద పెట్టే డబ్బును పరీక్షకు దాచుకోండి.

మీరు చెప్పిన వయసు, చిక్కిపోవడం, కార్జం పెరగడం, కాళ్లు పడిపోకపోవడం అన్నీ కలిపి చూస్తే లింఫాయిడ్ ల్యూకోసిస్ అని బలంగా అనిపిస్తోంది. ఏవియన్ ల్యూకోసిస్ అనే రెట్రోవైరస్ వల్ల కోళ్లలో వచ్చే కణితి జబ్బు ఇది. చూసి చెప్పే నిర్ధారణ కాదు కాబట్టి ల్యాబ్ మాట వచ్చేదాకా దీన్ని అనుమానంగానే ఉంచండి.

మందు ఎందుకు పనిచేయదో తెలిస్తే మీరే షాపుల చుట్టూ తిరగడం మానేస్తారు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, ఏ వైరస్ మీదా పనిచేయదు. పైగా ఇది మామూలు వైరస్ కూడా కాదు. కొక్కెర తెగులు వైరస్ కణంలో దూరి తన నకళ్లు చేసుకుని బయటపడుతుంది. కోడి బతికితే ఆ వైరస్ ఒంట్లోంచి పోతుంది. రెట్రోవైరస్ మాత్రం తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుని కోడి కణంలోని డీఎన్‌ఏలో కలిసిపోతుంది. దస్తావేజు పుస్తకం మధ్యలో దొంగ కాగితం పెట్టి కుట్టేసినట్టు. ఆ కణం రెండుగా చీలిన ప్రతిసారీ ఆ కాగితమూ నకలవుతుంది. అది కణాల పెరుగుదలను నడిపే జన్యువు పక్కన చేరిందంటే ఆ కణాలు అదుపు తప్పుతాయి. ఇది ముందుగా మొదలయ్యేది రెట్ట ద్వారం పైన ఉండే బర్సా అనే సంచిలో. అక్కడి నుంచి కార్జానికి, ప్లీహానికి, మూత్రపిండాలకు పాకుతుంది. ఇదంతా జరగడానికి నెలలు పడుతుంది. అందుకే పిల్లప్పుడే సోకిన వైరస్ మీకు గుడ్లు పెట్టే వయసులో బయటపడుతోంది. సాధారణంగా నాలుగు నెలల లోపు కోడిలో ఈ జబ్బు కనిపించదు.

కణితులు తెచ్చే రెట్రోవైరస్‌ల కథ మొదలైందే కోళ్లతో. 1908లో డెన్మార్క్‌లో ఎల్లర్‌మన్, బాంగ్ అనే ఇద్దరు కోళ్ల ల్యూకీమియా ఒక కోడి నుంచి మరో కోడికి సోకుతుందని చూపించారు. తర్వాత న్యూయార్క్‌లో పేటన్ రౌస్ దగ్గరికి ఒక ప్లిమత్ రాక్ పెట్ట వచ్చింది, దాని రొమ్ములో గడ్డ ఉంది. ఆ గడ్డ వైరస్ వల్ల వచ్చిందని ఆయన 1911లో ప్రకటించారు. అప్పట్లో పెద్దగా ఎవరూ నమ్మలేదు. నోబెల్ బహుమతి 1966లో వచ్చింది.

ఇక మారెక్స్ సంగతి. టీకా ఫెయిలైందని మీరు అనుకుంటున్నట్టున్నారు. ఇది ల్యూకోసిస్ అయితే దీన్ని ఆపడం ఆ టీకా పనే కాదు. మారెక్స్‌ది హెర్పిస్ జాతి వైరస్. రెండింటిలోనూ కార్జంలో గడ్డలు వస్తాయి కాబట్టి చాలామంది పొరబడతారు. మారెక్స్ ఎక్కువగా మూడు నుంచి ఆరు నెలల కోళ్లలో కనిపిస్తుంది. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి చాచి పడిపోవడం, కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం బూడిద రంగుకు మారడం, ఈకల మొదళ్ల దగ్గర చర్మం మీద గడ్డలు దాని గుర్తులు. ల్యూకోసిస్‌లో నరాలకు ఏమీ కాదు. ఈసారి కోడి చనిపోతే తొడ లోపలి కండరాలు విడదీసి, తెల్లటి దారంలా కనిపించే పెద్ద నరాన్ని రెండు కాళ్లలోనూ పోల్చి చూడండి. ఒకవైపు లావెక్కి పసుపు తిరిగి ఉంటే మారెక్స్. రెండూ సన్నగా, మెరుస్తూ ఉంటే అనుమానం ల్యూకోసిస్ వైపు తిరుగుతుంది. బర్సా కూడా చూడండి. గుడ్లు పెట్టే వయసుకు అది కుంచించుకుపోయి ఉండాలి. లోపల గడ్డలు తగిలితే అది ల్యూకోసిస్‌కు మంచి ఆధారం. అయితే ఏడెనిమిది నెలల కోడికి మారెక్స్ రాదని కాదు. టీకాను కలిపాక గంటా రెండు గంటల్లో వాడకపోయినా, ఐస్‌లో ఉంచకపోయినా దాని బలం పోతుంది. అందుకే ల్యాబ్ కావాలంటున్నాను.

నాటుకోళ్లలో మరచిపోకూడని ఇంకో జబ్బు క్షయ. అదీ కోడిని ఎండబెట్టి కార్జంలో గడ్డలు పెడుతుంది. కాకపోతే ఎక్కువగా ఏడాది దాటిన ముసలి కోళ్లలో వస్తుంది. గడ్డలు గట్టిగా, కోస్తే లోపల పెరుగు గడ్డలాంటి పదార్థంతో ఉంటాయి, పేగుల గోడల మీద కూడా కనిపిస్తాయి. ల్యూకోసిస్ గడ్డ మెత్తగా, నున్నగా, మీగడ రంగులో ఉంటుంది.

గన్నవరం పశువైద్య కళాశాల మీకు దగ్గర్లోనే ఉంది. అక్కడి పాథాలజీ విభాగానికి ముందుగా ఫోన్ చేసి, జబ్బుగా ఉన్న ఒకటి రెండు పెట్టలను ప్రాణంతోనే తీసుకెళ్లడం అన్నిటికంటే మంచిది. చనిపోయినదైతే వెంటనే ఐస్‌లో పెట్టి అదే రోజు చేర్చండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించకండి, కణాలు పాడై సూక్ష్మదర్శినిలో ఏమీ తెలియదు. వెళ్లడం కుదరకపోతే మీ పశువైద్యుడి చేత కార్జం, ప్లీహం, బర్సా, తొడ నరం ముక్కలను అర సెంటీమీటరు మందంలో కోయించి, ముక్కలకు పదింతలు ఉండేలా 10 శాతం ఫార్మలిన్‌లో వేయించి పంపండి. బర్సా, నరం మాత్రం వదలవద్దు. ఒక్క కార్జం ముక్క పంపితే రెండు జబ్బులనూ విడదీయడం పాథాలజిస్టుకూ కష్టం.

ఇప్పుడు గుడ్ల సంగతి. మీ మందకు ఇదే ప్రాణం.

వైరస్ ఉన్న పెట్ట అండవాహికలో, గుడ్డుకు తెల్లసొన పట్టే చోట, వైరస్ బాగా పెరుగుతుంది. అక్కడి నుంచి తెల్లసొనలోకి చేరుతుంది. అలాంటి ప్రతి గుడ్డులోని పిల్లకూ సోకదు, కొన్నింటికే సోకుతుంది. కానీ సోకిన పిల్లే అసలు సమస్య. గుడ్డులో ఉండగానే వైరస్ వచ్చింది కాబట్టి ఆ పిల్ల ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తించదు, యాంటీబాడీలు తయారు చేయదు. బతికినంత కాలం రక్తంలో వైరస్ తిరుగుతూ ఉంటుంది. పెద్దయ్యాక కణితితో చనిపోయే అవకాశం దానికే ఎక్కువ, తన గుడ్లలోకి వైరస్ వదిలేదీ అదే. పుట్టాక పక్క పిల్ల నుంచి సోకితే అంత ప్రమాదం లేదు. చాలా పిల్లలు యాంటీబాడీలు తెచ్చుకుని నిలబడతాయి. పుంజు వీర్యం ద్వారా గుడ్డులోని పిల్లకు సోకదు, కానీ జత కట్టేటప్పుడు పుంజు పెట్టకు అంటించగలదు.

దీన్ని బట్టే మీకు దారి దొరుకుతుంది. 140 కోళ్లనూ అమ్మేయాల్సిన పని లేదు. గుడ్లు పెట్టే పెట్టలన్నింటి కాళ్లకూ నంబరు రింగులు వేయండి. రెండో ఏడాది నడుస్తూ, బరువు తగ్గకుండా, బాగా గుడ్లు పెడుతున్న పెట్టలను వేరుగా కట్టండి. తెల్లసొనలో వైరస్ వదిలే పెట్టలు గుడ్లు తక్కువ పెడతాయి, త్వరగా పోతాయి. అందుకని రెండో ఏడు కూడా కళగా ఉన్న పెట్ట మీద నాకు నమ్మకం ఎక్కువ. నమ్మకం పరీక్షకు సాటి రాదు, కాబట్టి వీలైతే ఆ పెట్టల గుడ్ల తెల్లసొనను పీ27 అనే వైరస్ ప్రొటీన్ కోసం ఎలీసా పరీక్ష చేయించండి. కొత్తగా గుడ్లకు వచ్చిన పెట్టలైతే మొదటి రెండు మూడు గుడ్లు పంపాలి. కోడి వంశంలో పూర్వం నుంచీ ఉన్న హానిలేని రెట్రోవైరస్ ముక్కలు కూడా ఒక్కోసారి ఈ పరీక్షలో కనిపిస్తాయి, ఫలితాన్ని నిపుణులతోనే చదివించుకోండి. లేయర్ కోళ్ల బ్రీడింగ్ సంస్థలు ఈ జబ్బును తగ్గించుకున్నది మందులతో కాదు, టీకాతో కాదు. వైరస్ వదిలే పెట్టలను తరం తర్వాత తరం ఏరేయడంతోనే. దీనికి టీకా ఇప్పటికీ లేదు. సంతలో కొన్న నాటు పెట్టకు అలాంటి ఏరివేత ఏదీ జరిగి ఉండదు.

మళ్లీ పొదిగించడం మొదలుపెట్టాక గుడ్డు మీద పెన్సిల్‌తో పెట్ట నంబరు రాయండి. ఇంక్యుబేటర్‌లో చివరి మూడు రోజులు ఒక్కో పెట్ట గుడ్లను వేరే జాలీ బుట్టలో ఉంచండి. సోకిన పిల్ల పుట్టగానే వేసే మొదటి రెట్టలో వైరస్ విపరీతంగా ఉంటుంది. అన్ని పిల్లలూ ఒకే ట్రేలో పగిలి, ఒకదాని మీద ఒకటి దొర్లితే ఒక్క పిల్ల చాలు, మిగతావాటికి పాకడానికి. ఇంక్యుబేటర్‌లో కలిపేయడం పొదుగు కోడి కింద పెట్టడం కంటే ప్రమాదం అనడానికి కారణం ఇదే. మొదటి నెల ఏ తల్లి పిల్లలను ఆ తల్లి పేరుతోనే చిన్న చిన్న గుంపులుగా పెంచగలిగితే, తర్వాత ఏ వంశంలో మరణాలు వస్తున్నాయో మీ నోటుబుక్కే చెబుతుంది. ఆ తల్లిని, దాని పిల్లలను పొదుగు నుంచి తప్పించండి.

వైరస్ పాకే ఇంకో దారి సూది. కొక్కెర తెగులుకు ఆర్2బి టీకా వేసేటప్పుడు ఒకే సూదితో మందంతా పొడుచుకుంటూ పోవడం మన ఊళ్లలో మామూలే. రక్తంలో వైరస్ ఉన్న కోడిని పొడిచిన సూది తర్వాతి కోడికి దాన్ని మోసుకుపోతుంది. సూదులు చవకే, ధారాళంగా మార్చండి. మశూచి టీకాకు రెక్కలో గుచ్చే సూది విషయంలోనూ అంతే.

షెడ్డు గురించి మాత్రం అంత కంగారు పడకండి. కోడి ఒంట్లోంచి బయటపడితే ఈ వైరస్ బలహీనం, కొన్ని గంటలకు మించి నిలవదు. సబ్బు నీళ్లకు, ఎండకు చస్తుంది. బ్రూడర్, జాలీ బుట్టలు ప్రతి బ్యాచ్‌కూ సబ్బుతో కడిగి ఎండబెడితే చాలు.

ఇప్పటికే పిల్లలు కొన్నవాళ్లకు మీరే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా పిల్లలను, పొదిగే గుడ్లను అమ్మకండి. తినే గుడ్లుగా అమ్ముకోవచ్చు. ఈ వైరస్ మనుషులకు జబ్బు తెచ్చినట్టు ఆధారం లేదు. ఉడికించిన గుడ్డు, బాగా వండిన ఆరోగ్యమైన కోడి మాంసం నిశ్చింతగా తినండి. చిక్కిపోయి, పొట్ట ఉబ్బిన కోడిని మాత్రం కోసి తినకండి, అమ్మకండి. పైన చెప్పిన క్షయ అనుమానం కూడా తొలగలేదు కదా. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి, పేగులు కుక్కలకు వేయకండి.

మేకలకు ఇది అంటదు. రెట్రోవైరస్‌లు చాలావరకు తమ జంతువును దాటవు. గొడ్లలో లింఫ్ గ్రంథుల కణితులు తెచ్చేది వేరు, గుర్రాలలో రక్తహీనత తెచ్చేది వేరు. మేకలకూ వాటిదైన రెట్రోవైరస్ ఒకటి ఉంది. అది ముందు మోకాళ్లు వాచేలా చేస్తుంది, ఎక్కువగా జున్నుపాల ద్వారా తల్లి నుంచి పిల్లకు వెళ్తుంది. మీ మేకల్లో మోకాళ్ల వాపు ఉంటే వేరుగా రాయండి. లేకపోతే వాటి విషయంలో మీరు చేయాల్సింది ఒక్కటే, టీకాలకు వచ్చినప్పుడు ఒక్కో మేకకు ఒక్కో సూది వాడమని అడగండి.