టెక్ సందేహాలు: మిరపాకు డీఎన్‌ఏకి పీసీఆర్ ఎందుకు మొండికేసింది?

ఫోన్ బ్యాటరీ, వైఫై గొడవలు ఈ వారం పక్కన పెడుతున్నాను. మూడు ఉత్తరాలు బయోటెక్ ల్యాబుల నుంచి వచ్చాయి. పీసీఆర్ అంటే డీఎన్‌ఏలో కావాల్సిన ముక్కకు బోలెడు కాపీలు తీయడం. కాపీలు వస్తే జెల్ మీద గీతలా కనిపిస్తాయి, అదే బ్యాండ్. ఇందుకోసం ట్యూబుల్ని వేడి చేసి చల్లార్చే మెషిన్ థర్మల్ సైక్లర్, అది కూడా గ్యాడ్జెట్టే కదా!

"మిరపాకుల నుంచి డీఎన్‌ఏ తీసి పీసీఆర్ పెట్టాను. మూడుసార్లూ బ్యాండ్ రాలేదు. మా మెషిన్ పాతది. పాడైపోయిందంటారా?"
– ఎమ్మెస్సీ విద్యార్థిని, బ్రోడీపేట, గుంటూరు

మెషిన్‌ను అప్పుడే తిట్టకండి. ఇవే ప్రైమర్లతో (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఇంతకుముందు బ్యాండ్ ఇచ్చిన డీఎన్‌ఏ ల్యాబ్‌లో ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తీసుకోండి. దానితో రెండు ట్యూబులు పెట్టి, ఒకదాంట్లో మీ డీఎన్‌ఏ కూడా 1 మైక్రోలీటరు కలపండి. రెండింట్లోనూ బ్యాండ్ లేకపోతే ప్రైమర్లు, ఎంజైమ్, ప్రోగ్రామ్, చివరగా మెషిన్ చూడాలి. మొదటి దాంట్లో వచ్చి, మీది కలిపిన దాంట్లో మాయమైతే మాత్రం దొంగ దొరికినట్టే.

ఆకుల్లోని పాలీఫినాల్స్, పాలీశాకరైడ్లు అనే పదార్థాలు డీఎన్‌ఏతో పాటే వచ్చేసి, కాపీలు తీసే టాక్ ఎంజైమ్ పని చెడగొడతాయి. మందు చాలా చవక: 1 మైక్రోలీటరు డీఎన్‌ఏకి 9 మైక్రోలీటర్ల స్టెరైల్ నీళ్లు. డీఎన్‌ఏ తగ్గిస్తే బ్యాండ్ రావడమేంటని నవ్వుకోకండి. దానితో పాటు ఆ చెత్త కూడా పదో వంతుకు పడిపోతుంది. డీఎన్‌ఏని టీఈ బఫర్‌లో (డీఎన్‌ఏ దాచడానికి వాడే ద్రావణం) కరిగించారేమో కూడా చూసుకోండి. అందులోని ఈడీటీఏ మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది, మెగ్నీషియం లేనిదే టాక్ కదలదు.

ఎవరూ చూడని సెట్టింగ్ ఒకటుంది. స్క్రీన్ మీద వాల్యూమ్ 50 అని ఉండి మీ ట్యూబులో 20 మైక్రోలీటర్లే ఉంటే, చాలా మెషిన్లు ఆ అంకెను బట్టే వేడి లెక్కేసుకుంటాయి కాబట్టి లెక్క తప్పుతుంది. ముందు వాడినవాళ్ల ప్రోగ్రామ్‌ను అలాగే నొక్కేయడం మన అలవాటు మరి.

"డీఎన్‌ఏ వేయని నెగెటివ్ కంట్రోల్‌లో కూడా బ్యాండ్ వస్తోంది. టెన్షన్‌గా ఉంది."
– పరిశోధక విద్యార్థి, విజయవాడ

పాత పీసీఆర్ ప్రొడక్టు గాల్లో తుంపరలుగా లేచి మీ నీళ్లలోనో, పిపెట్‌లోనో చేరి ఉంటుంది. ముందు ఆ నీళ్ల బాటిల్ పారేయండి. కొత్తది చిన్న చిన్న ట్యూబుల్లో పంచుకుని, ఒకసారి తెరిచింది మళ్లీ వాడకండి. ఫిల్టర్ టిప్పులు తప్పనిసరి. రన్ అయిపోయిన ట్యూబులను మిక్స్ కలిపే బల్ల మీద తెరవొద్దు, జెల్ లోడింగ్‌కి వేరే మూల చూసుకోండి. బెజవాడ ఎండల్లో కష్టమే కానీ, మిక్స్ కలిపేంతసేపు మీ నెత్తిమీది ఫ్యాన్ ఆపండి.

"జెల్‌లో శాంపిల్ ముందుకు కాకుండా వెనక్కి వెళ్లిపోయింది" అని ఒకరు ఒక్క వాక్యం రాశారు. వైర్లు తారుమారు చేశారు! డీఎన్‌ఏది నెగెటివ్ చార్జి, పాజిటివ్ అయిన ఎర్ర వైరు వైపే పరిగెడుతుంది. శాంపిల్ పోసే బావులు నల్ల వైరు పక్కన ఉండాలి.