అల్పపీడనం తుపానుగా ఎలా మారుతుంది? మధ్యలో గాలి పూర్తిగా ఆగిపోతుందంటారు, నిజమేనా?

దాదాపు నిజమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదుగా తీరం దాటినప్పుడు మా ఇంట్లోనే చూశాను.

ముందు మొదటి ప్రశ్న. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి తగిలితే చెయ్యి ఎందుకంతలా కాలుతుంది? ఆవిరి మళ్లీ నీరయ్యేటప్పుడు తనలో ఉన్న వేడినంతా వదిలేస్తుంది కాబట్టి. తుపాను బలమంతా అదే. సముద్రం పైనీళ్లు దాదాపు 26.5 డిగ్రీలు దాటి, ఆ వేడి కొన్ని పదుల మీటర్ల లోతు దాకా ఉంటే ఆవిరి బాగా లేస్తుంది. పైకెళ్లి మబ్బుగా మారుతూ వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం తగ్గుతుంది, చుట్టుపక్కల గాలి తేమతో సహా అటు పరిగెడుతుంది. భూమి తిరగడం వల్ల ఆ గాలి నేరుగా రాకుండా మన అర్ధగోళంలో అపసవ్యంగా సుడి తిరుగుతుంది. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 62 దాటితే తుపాను అంటారు.

మరి జులై, ఆగస్టుల్లో అన్ని అల్పపీడనాలు వచ్చినా పెద్ద తుపానులు ఎందుకు అరుదు? అప్పుడు పైగాలులకీ కిందిగాలులకీ వేగంలో, దిశలో చాలా తేడా ఉంటుంది. సుడి నిటారుగా నిలబడలేదు. అక్టోబరు, నవంబరుల్లో ఆ అడ్డు తగ్గుతుంది. అందుకే మనకు ఆ రెండు నెలలూ అంత టెన్షన్.

హుద్‌హుద్ అండమాన్ దగ్గర మొదలై నాలుగైదు రోజుల్లో గంటకు 180 కిలోమీటర్ల గాలితో మా మీదికి వచ్చింది. ఉదయమంతా ఉత్తరం నుంచి కొట్టింది. కిటికీ సందుల్లోంచి వాన సూదుల్లా గదిలోకి వస్తుంటే అమ్మ పాత చీరలు కుక్కుతూ కూర్చుంది. చితికిన ఆకులు గోడకు పచ్చటి ముద్దలా అంటుకున్నాయి. మధ్యాహ్నం ఉన్నట్టుండి హోరు ఆగింది. మబ్బు పలచబడి వెలుతురు కూడా వచ్చింది. పక్కింటి మావయ్యగారు "అయిపోయిందమ్మా" అంటూ స్కూటర్ చూసుకోడానికి కిందికి దిగారు. తీరంలో పుట్టి పెరిగిన మా తాతయ్య మేడ మీంచి "ఇంకా సగం ఉందయ్యా, పైకి వచ్చెయ్" అని గట్టిగా కేకేశారు.

అది తుపాను కన్ను. సుడి తిరిగే గాలి నడిమధ్య దాకా చేరలేదు కాబట్టి అక్కడ ప్రశాంతంగా ఉంటుంది, గాలి పైనుంచి కిందికి దిగుతుంది కాబట్టి మబ్బు పలచబడుతుంది. దాని చుట్టూ ఉన్న మబ్బుల గోడలోనే గాలి అన్నిటికన్నా తీవ్రం. కన్ను దాటగానే ఆ గోడ రెండో వైపు మీద పడుతుంది, గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. పొద్దుటి గాలికి వేళ్లు వదులై దక్షిణానికి వాలిన మా వేపచెట్టు, ఈసారి ఉత్తరానికి విరుచుకుపడింది. స్కూటర్ దాని కిందే ఉండిపోయింది.

అయితే ఈ విరామం కన్ను మీదుగా వెళ్లిన చోటే. ఆ రోజు శ్రీకాకుళంలో ఉన్న మా అక్కకు గాలి ఎక్కడా ఆగలేదు, దిశ మాత్రం మెల్లగా మారుతూ వచ్చిందట.