వాల్యూమ్ పెంచినా మాట తెలియడం లేదా?

ప్రశ్న: నా వయసు 61. ఫోన్లో మనవరాలి గొంతు బాగానే వినిపిస్తుంది, ఏమందో మాత్రం తెలియడం లేదు. వాల్యూమ్ నిండుగా పెట్టినా అంతే. సౌండ్ ఇంకా పెంచే యాప్ ఏదైనా చెప్పండి.

ఈ ఉత్తరం నాకు వారానికి ఒక్కసారైనా వస్తుంది. పేర్లు మారతాయి, చివరి వాక్యం మారదు. యాప్ చెప్పండి! చెప్పను.

"వినిపిస్తుంది, తెలియడం లేదు" అన్నారు చూశారా, అసలు సంగతి అక్కడే ఉంది. మాటలో గట్టిగా మోగేవి అచ్చులు. అది ఏ మాటో తేల్చేవి హల్లులు. కాలు, చాలు, పాలు అని మెల్లగా అనుకుని చూడండి. తేడా అంతా మొదటి చిటికెలోనే, ఆ తర్వాత మూడూ ఒకటే. 'స', 'ఫ' లాంటి శబ్దాల్లో చాలా భాగం 4,000 హెర్ట్జ్‌లకు పైనే ఉంటుంది (హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనలో చెప్పే లెక్క, అదే ఫ్రీక్వెన్సీ; అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది). వయసుతో చెవికి ముందుగా దూరమయ్యేది సరిగ్గా ఆ పై భాగమే. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో శబ్దాన్ని పట్టే రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి. మొదట్లో ఉన్నవి హెచ్చు ఫ్రీక్వెన్సీలను, కొసన ఉన్నవి తక్కువ ఫ్రీక్వెన్సీలను పట్టుకుంటాయి. మనుషుల్లో పోయినవి మళ్లీ మొలవవు. పైగా పాత పద్ధతి ఫోన్ కాల్ 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య ఉన్నదే పంపుతుంది. మీ చెవి వదిలేస్తున్న ముక్కనే ఫోన్ కూడా కత్తిరిస్తోందన్నమాట. ఇక వాల్యూమ్ పెంచితే ఏం పెరుగుతుంది? అచ్చులే. రొద ఎక్కువవుతుంది, మాట తేలదు.

ముందు ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత వినిపిస్తోందో చూపే వినికిడి పరీక్ష, తీయించుకోండి. ఫోన్ సెట్టింగ్స్‌లో హెచ్‌డీ కాలింగ్ ఉంటే ఆన్ చేయండి, రెండువైపులా ఉంటే శబ్దం దాదాపు 7,000 హెర్ట్జ్‌ల దాకా వస్తుంది. మనవరాలిని వీడియో కాల్ చేయమనండి. పెదవులు కనబడితే మెదడు ఆ కదలికను కూడా వినికిడిలో కలిపేసుకుంటుంది. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు చెవికి 'బ', కంటికి 'గ' అంటున్న పెదవులు అందించి చూస్తే, చాలామంది 'ద' అని విన్నారు!

ఆ వాల్యూమ్ యాప్‌ల మీద నాకు మంట ఇంకొకందుకు. శబ్దం పెంచడానికి కాంటాక్టులతో పనేంటి? కొన్నయితే యాక్సెసిబిలిటీ అనుమతి కూడా అడుగుతాయి. అదొక్కటి ఇచ్చారంటే స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలవు, మీ బదులు బటన్లు నొక్కగలవు. వినికిడి కోసం వెళ్లి బ్యాంకు యాప్ తాళాలు చేతికిచ్చి రావడమే.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో పాటలు అద్భుతంగా ఉంటాయి. మీటింగ్ మొదలవగానే అందరూ బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. పాడయ్యాయా?

పాడవలేదు. మామూలు బ్లూటూత్‌లో మైక్ ఆన్ కాగానే లింక్ పాటల పద్ధతి వదిలేసి కాల్ పద్ధతికి దిగుతుంది. నాణ్యతా దిగుతుంది. కంప్యూటర్‌లో మైక్‌గా దాని సొంత మైక్‌ని ఎంచుకుని, ఇయర్‌బడ్స్‌ని వినడానికే ఉంచండి. ఇంత మామూలు బాధకి మందు మూడు మెనూల లోపల దాచిన డిజైనర్ ఎవరో గానీ, ఆయన ఏనాడూ మీటింగ్‌లో కూర్చుని ఉండడు.

మీటింగ్‌ల మాట వచ్చింది గనుక ఇంకొకటి. నలుగురు మాట్లాడే గదిలో మనకి కావలసిన గొంతునే పట్టుకోగలం. కొలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త 1953లోనే దీని మీద ప్రయోగాలు చేశాడు. ఒక శబ్దం రెండు చెవులకూ చేరడంలో తేడా ఎంత పెద్దదైనా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. మెదడు ఆ కాస్త తేడాతోనే ఎవరు ఎటువైపు ఉన్నారో విడదీస్తుంది. చాలా మీటింగ్ సాఫ్ట్‌వేర్లు ఎనిమిది మందినీ ఒకే చోట కుప్పపోసి రెండు చెవుల్లోనూ అదే పోస్తాయి. తెర మీద మాత్రం ఎనిమిది గళ్లు! బొమ్మలకిచ్చిన చోటు గొంతులకివ్వలేరా? సాయంత్రానికి తల బరువెక్కితే దానికి మీ ఓపికని తిట్టుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయి గొంతుతోనే కాల్ చేసి, యాక్సిడెంటైందని డబ్బు అడిగారు. కొద్దిలో పంపేసేదాన్ని. నకిలీ గొంతును పట్టే యాప్ ఉందా?

దాని మీద భరోసా పెట్టుకోకండమ్మా. నన్ను ఈమధ్య అన్నిటికన్నా భయపెడుతున్నది ఇదే. కొద్ది సెకన్ల రికార్డింగ్ చాలు, గొంతు నకలు తయారైపోతోంది. ఆ నకలులో లోపాలుంటే ఫోన్ లైన్ వాటిని కత్తిరించేస్తుంది. మిగిలినవాటిని మన మెదడే సరిదిద్దుతుంది. 1970లో రిచర్డ్ వారెన్ అనే పరిశోధకుడు ఒక రికార్డింగ్‌లో 'లెజిస్లేచర్స్' అనే మాట మధ్యలోని 'స్' ముక్కని తీసేసి దగ్గు అతికించాడు. విన్నవాళ్లకి మాట నిండుగానే వినిపించింది. దగ్గు సరిగ్గా ఎక్కడ వచ్చిందో కూడా చెప్పలేకపోయారు. ఇక అవతల ఉన్నది కన్నకొడుకు, పైగా ఏడుస్తున్నాడు అనుకుంటే మెదడు ఎంత నింపుకుంటుందో ఆలోచించండి.

నా గొంతు నకలు ఒకటి చేసి, పక్క గదిలోంచి మా అమ్మకి ఫోన్లో వినిపించాను. అక్కడక్కడా లోహపు రేకు మోగినట్టుంది. అనుమానపడుతుందనుకున్నా. "జలుబు చేసిందేంట్రా?" అంది.

అందుకే గొంతుని సంతకంలా నమ్మడం మానేయండి. కాల్ పెట్టేసి, మీ ఫోన్లో సేవ్ చేసుకున్న నంబరుకి మీరే చేయండి. వాళ్లు పెట్టొద్దని బతిమాలితే ఇంకా తొందరగా పెట్టేయండి. గొంతుతో బ్యాంకు లాగిన్ లాంటివి ఉంటే ఆపేయండి. ఇంట్లో అందరూ ఒక గుర్తుమాట పెట్టుకోండి, డబ్బు మాట వస్తే అది అడగండి. ఎక్కడా రాయకుండా నోటితోనే చెప్పుకోండి.

మా ఇంట్లోనూ పెట్టుకున్నాం. రెండో రోజే మా పిన్ని, మర్చిపోతానేమోనని, దాన్ని ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ పెట్టింది. మార్చాం.