పలుచని చెక్క కోయడానికి ఇంట్లో కట్టుకునే సీఎన్‌సీ రౌటర్: ఏ కొలతలు పెట్టుకోవాలి?

మీ ప్రశ్నను బట్టి, కంప్యూటర్ ఆదేశాలతో చెక్క కోసే ఈ యంత్రంలో మీకు 600 × 400 మి.మీ. పని వైశాల్యం కావాలి, 3 నుంచి 6 మి.మీ. మందం ఉన్న ప్లైవుడ్, టేకు పలకల్లో పూజా మందిరాలకు జాలీలు కోయాలి. అందుకు 12 మి.మీ. గుండ్రటి కడ్డీలు, 150 మి.మీ. జెడ్ ప్రయాణం (కోసే బిట్ పైకీ కిందికీ కదిలే దూరం), 2.2 కిలోవాట్ల స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) అనుకుంటున్నారు. ఇలాంటి పనికే నేను కట్టుకున్న యంత్రాన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఆ అనుభవంతో చెప్పేదేమిటంటే, మీరు కోసేది పలుచని చెక్క కావడమే మీకు దొరికిన అతి పెద్ద వెసులుబాటు, కానీ మీ డిజైన్ దాన్ని వాడుకోవడం లేదు.

మొదట ఎత్తు తగ్గించండి. 12 మి.మీ. ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును నొక్కి చేసిన పలక) పరుపు, దాని మీద 6 మి.మీ. పలక, బిట్ పైకి లేచి పక్కకు జరగడానికి కొంత ఖాళీ, ఇంతే మీకు అవసరం. గ్యాంట్రీ (స్పిండిల్‌ను మోసే అడ్డ దూలం) కింద 60 మి.మీ., జెడ్ ప్రయాణం 50 మి.మీ. ఉంటే ఈ పని హాయిగా సాగుతుంది. గ్యాంట్రీని మోసే పక్క పలకలు కింద బిగించి పైన వదిలేసిన దూలాల్లాంటివి కాబట్టి, కోత బలానికి అవి వంగడం ఎత్తు ఘనంతో పాటు పెరుగుతుంది. ఎత్తును సగం చేస్తే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఇంత గట్టిదనం మరే మార్పుతోనూ రాదు. ఎప్పుడైనా మందపు చెక్క కోయాల్సి వస్తుందేమోనని 150 మి.మీ. పెట్టుకుంటే, రోజూ చేసే పని నాణ్యతను ఎన్నడో చేసే పని కోసం వదులుకున్నట్టే అవుతుంది.

ఇక కడ్డీలు. గ్యాంట్రీని 400 మి.మీ. వైపు అడ్డంగా పెట్టినా, బేరింగులకూ, క్యారేజీకీ (స్పిండిల్‌ను పట్టుకుని జరిగే భాగం) కావాల్సిన చోటు కలుపుకుంటే కడ్డీ పొడవు 600 మి.మీ. దాకా వస్తుంది. చివర్లలో మాత్రమే ఆనించిన రెండు 12 మి.మీ. ఉక్కు కడ్డీల మధ్యలో 5 కిలోల బరువు పెడితే అవి సుమారు అర మిల్లీమీటరు కుంగుతాయి, 2.2 కిలోవాట్ల స్పిండిల్ ఒక్కటే దాదాపు అంత బరువుంటుంది. పరుపును అదే యంత్రంతో చదును చేసుకుంటే ఈ స్థిరమైన కుంగుబాటు చాలావరకు సర్దుకుంటుంది కానీ, కోసేటప్పుడు బిట్ లాగే బలానికి వచ్చే వంపు, దాంతో పుట్టే వణుకు సర్దుకోవు. అందుచేత 40 × 80 మి.మీ. అల్యూమినియం ప్రొఫైల్‌ను 80 మి.మీ. వైపు నిలువుగా పెట్టి, దాని ముఖానికే లీనియర్ రైళ్లు (క్యారేజీ జారే పట్టాలు) బిగించండి. పొడవంతా ఆధారం ఉన్న రైలుకు, గాలిలో వేలాడే కడ్డీకి పోలికే లేదు.

కదలికకు ఎస్‌ఎఫ్‌యు 1605 బాల్‌స్క్రూలు (నట్టు లోపల గుళ్లు దొర్లే మరలు) నాకు బాగా నచ్చాయి. వాటి లీడ్ (ఒక చుట్టుకు నట్టు జరిగే దూరం) 5 మి.మీ. కాబట్టి, ఒక్కో స్టెప్పుకు 1.8 డిగ్రీలు తిరిగే స్టెప్పర్ మోటారును 8 మైక్రోస్టెప్పులతో, అంటే ఒక్కో స్టెప్పును 8 భాగాలు చేసి నడిపితే మిల్లీమీటరుకు 320 స్టెప్పులు వస్తాయి. నిమిషానికి 3000 మి.మీ. వేగంలో కూడా అది సెకనుకు 16,000 స్టెప్పులే. ఆర్డువినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్ దీన్ని సులభంగా అందుకుంటుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే 8 మి.మీ. లీడ్ ఉన్న టీ8 స్క్రూలు కూడా పనికొస్తాయి, కాకపోతే లూజు లేని నట్టు తప్పనిసరి. ఆ లూజు ఉందో లేదో తెలుసుకోవడానికి 50 మి.మీ. వృత్తం ఒకటి కోసి, అంచును వేలితో తడిమి చూడండి. అక్షాలు దిశ మార్చుకునే నాలుగు చోట్ల వృత్తం చదునైనట్టో, చిన్న మెట్టు పడినట్టో తగిలితే నట్టులోనో, చివరి బేరింగులోనో లూజు ఉన్నట్టే. జాలీలో ప్రతి వంపులోనూ ఆ మెట్టు కనబడుతుంది కాబట్టి దాన్ని సాఫ్ట్‌వేర్‌లో కప్పిపుచ్చకుండా నట్టు దగ్గరే సరిచేయండి.

స్పిండిల్ విషయంలో 2.2 కిలోవాట్లు అక్కర్లేదు. వేగం తగ్గించుకునే వీలున్న 700 వాట్ల ట్రిమ్ రౌటర్ 3 మి.మీ. బిట్‌కు పుష్కలంగా సరిపోతుంది, గ్యాంట్రీ మీద బరువూ తగ్గుతుంది. ఇక్కడ వాట్ల కంటే వేగం తగ్గే వీలే ముఖ్యం. జాలీ నిండా చిన్న చిన్న మూలలు ఉంటాయి, ప్రతి మూలలోనూ యంత్రం నెమ్మదిస్తుంది, బిట్ మాత్రం అదే వేగంతో తిరుగుతూ చెక్కను కోయకుండా రాచుకుంటుంది. టేకు అంచు గోధుమరంగుకు తిరిగి మాడు వాసన రావడానికి కారణం ఇదే. నేను ఒకే ఒక్క పన్ను (కోత అంచు) ఉన్న బిట్‌ను 12,000 ఆర్‌పీఎం దగ్గర, నిమిషానికి 960 మి.మీ. ఫీడుతో (బిట్ ముందుకు సాగే వేగంతో) నడుపుతాను, అంటే ప్రతి చుట్టుకూ 0.08 మి.మీ. కోత. ఒక్కో విడతకు లోతు 1.5 మి.మీ. దాటనివ్వను. రాలిన పొట్టును రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి, చిన్న చిన్న రేకులుగా తగలాలి. మెత్తని పిండిలా ఉంటే ఫీడు పెంచాలి లేదా ఆర్‌పీఎం తగ్గించాలి.

పలుచని చెక్కలో అసలు కష్టం కోతలో కాదు, పట్టి ఉంచడంలో ఉంది. 3 మి.మీ. ప్లైవుడ్ ఎప్పుడూ కొద్దిగా వంకర తిరిగే ఉంటుంది, నాలుగు మూలలా క్లాంపులు బిగిస్తే మధ్యలో ఉబ్బుతుంది. పొట్టును పైకి లాగే అప్‌కట్ బిట్ ఆ ఉబ్బును ఇంకా పైకెత్తి, పై పొరను చీలికలు చేస్తుంది. అందుకే నేను పలుచని పలకలకు డౌన్‌కట్ బిట్ వాడతాను. అది పలకను పరుపుకేసి అదుముతుంది, పై అంచు శుభ్రంగా వస్తుంది. అయితే పొట్టు గాడిలోనే ఇరుక్కుని వేడెక్కుతుంది కాబట్టి వాక్యూమ్ గొట్టాన్ని బిట్ పక్కనే ఉంచాలి. పలకను పట్టడానికి పరుపు మీద ఒక వరుస, పలక అడుగున ఒక వరుస మాస్కింగ్ టేపు అంటించి, ఆ రెండు టేపుల మధ్య ఫెవీక్విక్ లాంటి జిగురు వేసి అదమండి. జాలీ నుంచి తెగిపడే చిన్న ముక్కలు కూడా కదలకుండా అక్కడే ఉంటాయి. లేకపోతే అలాంటి ముక్క ఒకటి లేచి బిట్‌కు తగిలిందంటే సన్నని కమ్మీ పుటుక్కున విరుగుతుంది. లోపలి రంధ్రాలన్నీ ముందు కోసి, బయటి చుట్టుకోత చివరగా ఉంచండి.

జెడ్ సున్నాను పలక పై ముఖం మీద కాకుండా పరుపు ముఖం మీద పెట్టుకోవడం ఈ పనిలో చాలా మేలు చేస్తుంది. ప్లైవుడ్ అసలు మందం చెప్పిన మందంతో అరుదుగా సరిపోతుంది, ఒకే షీటులో కూడా మారుతుంది. సున్నా పరుపు మీద ఉంటే మందం ఎంతైనా బిట్ సరిగ్గా 0.2 మి.మీ. మాత్రమే పరుపులోకి దిగుతుంది. దీనికి పరుపు చదునుగా ఉండాలి, స్పిండిల్ దానికి నిలువుగా ఉండాలి. కొల్లెట్‌లో (బిట్‌ను పట్టే బిగింపులో) వంచిన తీగ బిగించి, దాని కొనను పరుపు మీద చేత్తో గుండ్రంగా తిప్పితే వాలు ఎటు ఉందో వెంటనే తెలుస్తుంది. చదును చేసిన ఎం.డి.ఎఫ్. మీద బిట్ దారుల మధ్య గీతలు చేతికి తగులుతున్నా ఆ వాలు ఇంకా ఉన్నట్టే.

వైరింగులో లిమిట్ స్విచ్చుల (యంత్రం హద్దు దాటకుండా ఆపే స్విచ్చుల) తీగలను రౌటరు కరెంటు తీగకు దూరంగా, షీల్డు ఉన్న కేబుల్‌లో తీసుకెళ్లండి. బ్రష్ మోటారు పుట్టించే నాయిస్‌కు అవి ఉత్తుత్తినే పనిచేసి యంత్రాన్ని మధ్యలో ఆపేస్తాయి. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే స్టెప్పర్లతో పాటు రౌటరు కరెంటు కూడా ఆగేలా చూడండి. ఇంట్లో నడిపే యంత్రం కాబట్టి ధూళిని తేలిగ్గా తీసుకోవద్దు. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. ఎం.డి.ఎఫ్. పరుపును చదును చేసే రోజున వాక్యూమ్ నడుస్తున్నా సరే, ఎన్95 మాస్కు పెట్టుకుని, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.