ఆరేళ్లకు వచ్చే దవడ పన్ను పాలపన్ను కాదు

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. కింద వెనకాల కొత్తగా వచ్చిన దవడ పన్ను మీద పసుప్పచ్చ మచ్చ ఉంది. మొన్న అన్నం నములుతుంటే అంచు పెళ్లలా ఊడింది. చన్నీళ్లు తగిలితే జివ్వుమంటోందని ఏడుస్తుంది, బ్రష్ పెట్టనివ్వదు. పైన ముందు పన్ను ఒకదాని మీద తెల్లమచ్చ కూడా ఉంది. ఎలాగూ ఊడే పన్నే కదా అంటున్నారు మా అత్తగారు. మేం సరిగా తోమించకపోవడమే కారణమా?
– ఒక తల్లి, కావలి

జవాబు: అది ఊడే పన్ను కాదమ్మా. పాలపన్ను ఏదీ ఊడకుండా, వాటన్నిటి వెనకాల చిగురులోంచి ఆరేళ్లప్పుడు లేస్తుంది కనుక చాలా ఇళ్లల్లో ఇదే పొరపాటు పడతారు. ముందు పళ్ల మధ్య నుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి, ఆరోదైతే అదే. అది పోతే దాని చోట మరోటి రాదు.

మీరు చెప్పిన గుర్తులు మోలార్ ఇన్సైజర్ హైపోమినరలైజేషన్‌కు, అంటే దవడ పళ్లలో, ముందు పళ్లలో ఖనిజం తక్కువపడే లోపానికి సరిపోతున్నాయి. పన్ను పైపొర, అంటే ఎనామిల్, మందంగానే తయారవుతుంది కానీ అందులో ఖనిజం చాలినంత చేరదు. సుద్దలా ఉండి నమిలే ఒత్తిడికి పెచ్చులూడుతుంది. ఈ పళ్ల ఎనామిల్ దాదాపుగా పుట్టినప్పటి నుంచి మూడు నాలుగేళ్లలోపే తయారవుతుంది, లోపం అప్పుడే పడింది. మీరు తోమించకపోవడం వల్ల వచ్చింది కాదు. కాకపోతే ఇలాంటి పన్ను మామూలు పన్ను కంటే త్వరగా పుచ్చుతుంది. నొప్పికి భయపడి తోమడం మానేస్తే ఇంకా త్వరగా.

మెత్తటి బ్రష్, గోరువెచ్చని నీళ్లు వాడండి. 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత చాలు. ఉమ్మించండి, తర్వాత నీళ్లతో పదేపదే పుక్కిలించనివ్వకండి. పిల్లల దంతవైద్యులు 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్‌ను, అంటే పంటికి అంటుకునే పూతను, మూడు నెలలకోసారి పూస్తారు. పన్ను సగమే పైకి వచ్చి ఉంటే తడి ఉన్నా పట్టుకునే గ్లాస్ అయనమర్ అనే పన్ను సిమెంటుతో తాత్కాలికంగా కప్పుతారు. ఎక్కువ విరిగితే స్టీలు తొడుగు మేలు. ఈ పళ్లకు మత్తు ఇంజెక్షన్ ఒక్కోసారి సరిగా ఎక్కదు, కాబట్టి పాప జివ్వుమంటోందని చెబుతున్న సంగతి కుర్చీ ఎక్కించకముందే డాక్టరుకు చెప్పండి.

బాగు చేయలేనంత పాడైతే ఎనిమిది, పదేళ్ల మధ్య ఎక్స్‌రే చూసి తీయించడమూ ఒక మార్గమే. సరైన సమయంలో తీస్తే వెనకున్న పన్ను ముందుకు జరిగి ఆ ఖాళీ నింపే వీలుంటుంది. పన్నెండేళ్ల దాకా ఆగితే ఆ అవకాశం తగ్గిపోతుంది.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబుకు ముందు పళ్లన్నిటి మీదా తెల్లగీతలు, రెండింటి మీద గోధుమరంగు ఉన్నాయి. నొప్పి లేదు. గారేమో అని ఇటుక పొడితో తోమిస్తున్నాం. మేం బోరు నీళ్లే తాగుతాం. ఇంట్లో ఏడాది బిడ్డ కూడా ఉంది.
– ఒక తండ్రి, దర్శి

జవాబు: ఇటుక పొడి ఇవాళే ఆపేయండి. అది ఎనామిల్‌ను అరగదీస్తుంది తప్ప లోపలి రంగును తీయదు. దూదితో పన్ను తుడిచి వెలుతురులో చూడండి. కుడి ఎడమల జతపళ్లు ఒకేలా, అడ్డగీతలుగా ఉంటే ఫ్లోరోసిస్, అంటే పళ్లు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువగా ఒంట్లోకి వెళ్లి పడిన మచ్చలు, అనుకోవచ్చు. పైన చెప్పిన పాప మచ్చలు అలా కాదు, హద్దు కట్టినట్టు ఒక పన్నుకు ఉండి దాని జతకు లేకపోవచ్చు. ఒకే ఒక పన్నుకు మచ్చ ఉంటే దాని పైనున్న పాలపన్నుకు దెబ్బ తగిలిందా, చీము పట్టిందా అని ఆలోచించాలి.

మీ ప్రాంతానికి ఇది కొత్త కాదు. దర్శి, పొదిలి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఆ జిల్లా ఫ్లోరోసిస్ గురించి వైద్యులు రాశారు.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే గరిష్ఠం 1.5. బోరు నీళ్లను పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఆర్వో వడపోతతో చాలావరకు తగ్గుతుంది.

బాబుకు ఉన్న మచ్చలు నీళ్లు మార్చినా పోవు. కానీ ఏడాది బిడ్డకు పాలపళ్లు ఊడాక వచ్చే ముందు పళ్లు చిగుళ్ల లోపల ఇప్పుడే తయారవుతున్నాయి, తొందర అక్కడుంది. తాగడానికే కాదు, పాలపొడి కలపడానికి, అన్నం, జావ వండటానికి కూడా ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్లే వాడండి. మూడేళ్లు వచ్చేదాకా పేస్టు బియ్యపు గింజంతకు మించకూడదు.

బాబుకు దంతవైద్యుడి దగ్గర మైక్రోఅబ్రేషన్ అనే పద్ధతితో పైపొరను అతి పలుచగా తీస్తే లేత గోధుమరంగు తగ్గుతుంది. ముందు పళ్లు పూర్తిగా పైకి వచ్చాక చేయించండి.